గిరిసోల కేబిన్‌లో నేర్చుకున్న స్పిన్

నేను వాయుసేనలో విమానం నడపడం నేర్చుకున్నది డెబ్భైల మొదట్లో. మా బ్యాచ్‌లో తెలుగువాడు ఇంకొకడు లేడు, ఒడియావాడూ లేడు. ఏ ఊరని అడిగితే బరంపురం అనేవాణ్ని. "అయితే ఒడియావాడివి" అనేవారు. ఇంట్లో తెలుగు మాట్లాడతామంటే "మరి మద్రాసీవా?" అనేవారు. రెండిటికీ తల ఊపి ఊరుకోవడం అలవాటైపోయింది. వారానికోసారి నాన్నకు రాసే ఉత్తరంలో తప్ప నాకు తెలుగుతో పని పడేది కాదు.

మొదటి మూడు నెలలు బాగానే గడిచాయి. ఎక్కడం, దిగడం, మలుపులు అన్నీ వచ్చాయి. చిక్కంతా స్పిన్ దగ్గర వచ్చింది.

వేగం బాగా పడిపోయి, రెక్కలకు గాలి పట్టు తప్పితే విమానం ముక్కు కిందకి పెట్టి తిరుగుతూ పడిపోతుంది. అదే స్పిన్. అందులోంచి బయటపడడం నేర్పడానికి శిక్షణలో దాన్ని కావాలనే తెప్పిస్తారు. పద్ధతి చెప్పడానికి తేలికే. తిరుగుతున్న వైపుకు ఎదురు పెడల్‌ను పూర్తిగా తొక్కాలి. చేతిలోని స్టిక్‌ను ముందుకు తొయ్యాలి. తిరగడం ఆగాక కాలు మధ్యకు తెచ్చి మెల్లగా ముక్కు ఎత్తాలి. కానీ నేల ముఖం మీదికి దూసుకొస్తుంటే స్టిక్‌ను వెనక్కి లాక్కోమని ఒళ్ళంతా కేకలు పెడుతుంది. లాగితే విమానం ఇంకా తిరుగుతుంది. ఆ నేల వైపుకే తొయ్యాలి.

మొదటిసారి నేను తొయ్యలేదు. పొలాలు, చెరువు, ఎర్రటి రోడ్డు ఒకదాని వెంట ఒకటి గిర్రున తిరుగుతుంటే రెండు చేతులతో స్టిక్‌ను పొట్టకు అదుముకుని కూర్చున్నాను. వెనక సీట్లోంచి శిక్షకుడు "వదులు, నేను తీసుకుంటున్నాను" అని అరవడం వినిపించింది. అయినా నా చేతులు స్టిక్‌ను వదల్లేదు. చివరికి ఆయనే బలంగా తోసి విమానాన్ని నిలబెట్టాడు.

ఆయన నడివయసు మనిషి. తక్కువ మాట్లాడేవాడు. కిందికి దిగాక హెల్మెట్ తీసి, "భయపడినందుకు నిన్నేమీ అనను. కానీ పైన నీ చేతులతో కుస్తీ పట్టాల్సి వచ్చింది. అలా కుదరదు" అన్నాడు.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. అప్పుడాయన నన్ను పక్కకు పిలిచి, రెండు వారాల సెలవుల తర్వాత పెద్ద అధికారితో పరీక్ష ఉంటుందని, అందులోనూ ఇలాగే చేస్తే ఇంటికి పంపేస్తారని చెప్పాడు. ఆ సాయంత్రం మెస్‌లో అందరూ సెలవుల గురించి మాట్లాడుకుంటుంటే, నా పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోవడం గమనించాను. ఓడిపోయేవాడి పక్కన ఎవరికైనా ఏం మాట్లాడాలో తోచదు.

నాన్న అప్పుడు బరంపురానికి దగ్గర్లోని గిరిసోలలో రైల్వే కేబిన్ మనిషి. పట్టాలు మార్చే మీటలు, సిగ్నల్ మీటలు లాగడం ఆయన పని. నేను బరంపురంలో కాలేజీ చదువుతుండగా అమ్మ పోయింది. అక్క పెళ్ళై భంజనగర్‌లో ఉండేది. క్వార్టర్‌లో నాన్న ఒక్కడే వండుకుని తింటూ ఉండేవాడు. సెలవులకు నేను వెళ్ళాక ఇద్దరమయ్యాం గాని మాటలు పెద్దగా పెరగలేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చునేవాడు. "తిను" అనేవాడు, అంతే. సగం రోజులు నేను పట్టాల పక్క మొగలిపొదల వెంట ఒక్కణ్నే తిరిగేవాణ్ని. పరీక్ష సంగతి ఆయనకు చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున ఆయన డ్యూటీకి వెళ్ళాక, వరండాలో ముక్కాలిపీట మీద కూర్చున్నాను. కాళ్ళ కింద రెండు ఇటుకలు, మోకాళ్ళ మధ్య అప్పడాల కర్ర. కళ్ళు మూసుకుని స్పిన్‌లో పడ్డట్టు ఊహించుకుంటున్నాను. ఊహలో కూడా కర్ర నా వైపుకే వచ్చేస్తోంది. కళ్ళు తెరిచేసరికి మరిచిపోయిన క్యారేజీ కోసం వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏట్రా అది?"

సిగ్గుతో మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఇంటికి పంపేస్తారన్న సంగతితో సహా. ఆయన విన్నాడు.

"అయితే పడిపోతన్నప్పుడు కిందకే తొయ్యాలా?"

"అవును నాన్నా."

"నీ సెయ్యి ఎనక్కి లాగుతంది."

"అవును."

"క్యారేజీ ఒట్టుకుని కేబిన్‌కి రా" అని ముందు నడిచాడు.

కేబిన్‌లో వరసగా మీటలు. నాన్న చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ ముక్క ఉండేది, చెమటకు ఇనుము తుప్పు పట్టకుండా. ఇచ్ఛాపురం వైపునుంచి పాసింజరు వస్తోందని గంట మోగింది. ఆయన ఒక్కో మీట మీద గుడ్డ వేసి, గట్టిగా దాని నంబరు చెప్పి, అప్పుడే లాగాడు. పక్కన ఎవరూ లేరు.

"ఎవులికి సెప్తన్నావు?" అని అడిగాను.

"నాకే." బండి వెళ్ళిపోయేదాకా ఆగి మళ్ళీ అన్నాడు. "ఉజ్జోగంలో కొత్తగా సేరినప్పుడు ఒకపాలి గూడ్సు వచ్చేస్తంటే కంగారులో వేరే మీట ఒట్టుకున్నాను. అది కదల్లేదు. తప్పు మీట లాగనివ్వకుండా కింద లాకుంటాది. దానివల్ల బతికిపోనాం. మీ ఇమానంలో అలాటి లాకుంటాదా?"

"ఉండదు."

"అయితే నోటితో సెప్పు. బయమేస్తే సెయ్యి దానిష్టమొచ్చినట్టు ఎల్లిపోద్ది. నువ్వు గట్టిగా సెప్తే ఇంటాది."

మిగిలిన ఆరు రోజులూ డ్యూటీకి ముందు ఆయన గుమ్మంలో నిలబడేవాడు. నేను పీట మీద కూర్చునేవాణ్ని. "ఎడంపక్కకి తిరుగుతంది" అని ఉన్నట్టుండి అరిచేవాడు. నేను "కుడి కాలు తొక్కు. ముందుకి తొయ్యి. ఆగింది. కాలు మద్దిలకి. మెల్లగా ఎత్తు" అని అరుస్తూ చేసేవాణ్ని. ఒక్క ముక్క మింగినా "మళ్ళీ" అనేవాడు. మా ఇద్దరి మధ్య అన్ని మాటలు అంతకుముందు ఎప్పుడూ నడవలేదు.

పరీక్ష రోజున పెద్ద అధికారి వెనక సీట్లో కూర్చున్నాడు. ఏడు వేల అడుగుల ఎత్తులో విమానాన్ని స్పిన్‌లోకి నెట్టి "ఇక నీదే" అన్నాడు. నేల తిరగడం మొదలైంది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కుడి కాలు తొక్కు. ముందుకి తొయ్యి." చెయ్యి ఒక్క క్షణం మొరాయించి, తర్వాత విన్నది. తిరగడం ఆగింది.

"ఏం గొణిగావు?" అన్నాడాయన.

"మా భాష, సర్."

"అలాగే గొణుక్కో."

రెండు రోజులకు ఒంటరిగా స్పిన్ చేసి రమ్మని పంపారు. వెనక సీటు ఖాళీ, బెల్టులు బిగించి కట్టేసి ఉన్నాయి. అంత ఎత్తున ఒక్కణ్నే ఉండడం అదివరకూ ఉంది, కానీ చేజేతులా పడిపోవడానికి ఒక్కణ్నే వెళ్ళడం వేరు. ఇంజను తగ్గించాను. విమానం వణికి, ఒరిగి, తిరిగింది. ఒకటి, రెండు, మూడు. అరిచాను. బయటపడ్డాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. సంతోషంతో అనే అనుకుంటాను. చెప్పుకోవడానికి ఎవరూ లేక కూడా అయివుంటుంది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పైకెక్కి, రెండో వైపు కూడా చేసి దిగాను.

శిక్షణ ముగింపు కవాతుకు నాన్న రెండు రోజులు రైలులో ప్రయాణం చేసి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, మిగతా తల్లిదండ్రులకు కాస్త ఎడంగా నిలబడ్డాడు. మా శిక్షకుడు దగ్గరికెళ్ళి చేయి కలిపాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. నవ్వుకుని ఊరుకున్నారు. తర్వాత నేను నాన్నను విమానం దగ్గరికి తీసుకెళ్ళాను. రెక్క మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఇంత సిన్నదా!" అన్నాడు. "నువ్వు ఒక్కడివే ఎల్తావని ఉత్తరం రాసినప్పుడు నాకు బయమేసింది. జవాబులో రాయలేదు" అన్నాడు.

"నేనూ భయపడ్డాను నాన్నా."

"మరి బయపడవా!"

సెలవు అయిపోతోందని ఆ మధ్యాహ్నమే బయల్దేరాడు. స్టేషన్లో బండి కదిలేదాకా ఇద్దరం అక్కడి ఎండ గురించీ మా వైపు వానల గురించీ మాట్లాడుకున్నాం. బండి వెళ్ళాక ప్లాట్‌ఫారం మీద చాలాసేపు కూర్చున్నాను. తర్వాత గదికి వెళ్ళి, కొత్త పోస్టింగు కోసం ట్రంకు సర్దుకున్నాను.