ఆ సాయంత్రం నేను అడిగింది

ఈ ఇంట్లో నేను సుఖంగా ఉన్నాను. ఆ ఒక్క మాట పైకి అనడానికి ఏళ్ల తరబడి సిగ్గుపడుతున్నాను. ఎవరైనా ఫోన్ చేసి ఎలా ఉన్నావంటే "ఏదో, అలా" అంటాను. సుఖం అన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో మా ఆవిడకు కూడా తెలియదు. మీకు చెబుతాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. బహుశా అందుకే చెప్పగలుగుతున్నాను.

జెద్దాలో ఒక పత్రిక డెస్కులో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. మా ఆవిడ ఖమీస్ ముషైత్‌లో నర్సు. ఆమెకింకా సర్వీసుంది. నా ఇకామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఇప్పుడు ఆమె మీదే నడుస్తోంది. ఊరికి దూరంగా, కొండవాలు మీద ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. సౌదీ అంటే ఇసుకే అనుకునేవాళ్లు ఇక్కడికొస్తే నమ్మరు. పొద్దున్నే పొగమంచు కిటికీలోంచి లోపలికొస్తుంది. కోతులు గుంపుగా వచ్చి దానిమ్మ చెట్ల మీద పడతాయి. ఆవిడ డ్యూటీకి వెళ్లాక టీ పెట్టుకుంటాను. పెరట్లో గోంగూరకీ బచ్చలికీ నీళ్లు పెడతాను. మధ్యాహ్నం కునుకు. సాయంత్రమైతే, ఆయన ఉన్నన్నాళ్లూ, ఇంటి యజమాని అబూ నాసర్ దగ్గర గహ్వా. గోడకవతలే ఆయన ఇల్లు. ఏలకుల వాసన వేసే ఆ పలుచని కాఫీ తాగుతూ వానల గురించీ తేనె గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడుకునేవాళ్లం. రోజూ ఎడిషన్ టైముకు పరుగెత్తి బతికినవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆయన ఇంట్లో పనిచేసేది సత్యవతి. రాజోలు దగ్గర పల్లెటూరు. బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా నాతో మాట్లాడేది.

"ఆడమనిషి డూటీకెల్తే మొగోళ్లు గోంగూర కోసుకుంటారేటండీ అన్నయ్యగారూ? మా ఊళ్లో అయితే నవ్విపోతారండి!" అని ఆటపట్టించేది. ఒక కట్ట గోడ మీద పెడితే, "అయినా మీలాంటోళ్లు ఉండాల్లెండి" అంటూ పట్టుకుపోయేది.

ఆమె ఒప్పందం ఎప్పుడో ముగిసింది. దేశం దాటి వెళ్లడానికి ఎగ్జిట్ వీసా కొట్టించాల్సింది కఫీల్, అంటే ఆమెను పనికి రప్పించిన అబూ నాసర్. కానీ ఇంటి లోపలి వ్యవహారమంతా ఆయన భార్యది. ఆవిడకు పక్షవాతం. సత్యవతి చెయ్యి లేకపోతే పూట గడవదు. సత్యవతి వెళతానన్నప్పుడల్లా ఆవిడ రంజాన్ వెళ్లనీ, హజ్ వెళ్లనీ అనేది. పనిమనిషి ఇంటి మగవాళ్లతో నేరుగా మాట్లాడే అలవాటు అక్కడ లేదు.

ఒకరోజు ఆమె బట్టల బుట్ట లేకుండా గోడ దగ్గరికొచ్చింది.

"మా పిల్ల ఫోన్లో నన్నేటని పిలిచిందో తెలుసాండీ? సౌదీ అమ్మా అందండి. ఉత్త అమ్మంటే దాన్ని పెంచుతున్న మా చెల్లంట." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "ఇంకో ఏడు పోతే ఆ సౌదీ అమ్మ కూడా ఉండదండి. పెద్దాయన చెవిన ఒక్క మాటెయ్యండి. మీ మాట కాదనరు."

ఈ కొండల్లో ఒక పద్ధతి ఉంది. పెద్ద కోరికతో వచ్చిన అతిథి, తనకు పోసిన కాఫీ తాగకుండా గిన్నెను ఎదురుగా కింద పెడతాడు. ఇంటాయనకు అర్థమవుతుంది. తాగు, నీ పని అయింది, అంటాడు, ఆ పనేమిటో వినకముందే. అన్నాక వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది. అందుకే దాన్ని చిల్లర కోరికలకు వాడరు. ఒకే ఇంట్లో రెండోసారి వాడటం మర్యాద కాదు. దాని గురించి నేనొకప్పుడు మా పత్రికలో ఎంతో మెచ్చుకుంటూ రాశాను. సత్యవతికి అదే చెప్పాను.

"అయితే రేపు దింపేయండి అన్నయ్యగారూ," అంది. "కాఫీ నేనే కాత్తాను. బాగా కాత్తాను."

తప్పకుండా అన్నాను.

మర్నాడు పొద్దున అబూ నాసర్ కొడుకు ఇద్దరు మనుషులను వెంటబెట్టుకొచ్చి మా ఇంటి గోడలు టేపుతో కొలిపించాడు. వేసవిలో చల్లదనానికి వచ్చేవాళ్లకు గదులు కట్టి ఇస్తారట. మీరు వేరే ఇల్లు చూసుకోవాల్సి వస్తుందేమో అని చాలా మర్యాదగా చెప్పాడు. ఆ రోజంతా నేను పెరట్లోనే కూర్చున్నాను.

సాయంత్రం పెద్దాయన గహ్వా పోశాడు. నేను గిన్నెను తివాచీ మీద పెట్టాను. పెట్టినప్పుడు నా మనసులో ఉన్నది సత్యవతే. నిజంగా ఉందా? ఎన్నిసార్లు అడుక్కున్నానో ఈ ప్రశ్న. గుమ్మం దగ్గర చెప్పులు విడిచేటప్పుడే మారిపోయానా, లేక ఆ చివరి క్షణంలోనా? ముందే మారిపోయి ఉంటే నేను మోసగాణ్ణి, చివర్లో మారితే పిరికివాణ్ణి, ఈ రెంటిలో ఏది తేలిక అని తూచుకుంటూ కూర్చోవడం కూడా ఒక తప్పించుకోవడమే.

అబూ నాసర్ నిటారుగా కూర్చున్నాడు. "తాగు. నీ పని అయింది," అన్నాడు. "ఏం కావాలి?"

"ఈ ఇల్లు," అన్నాను. "మేం ఈ దేశంలో ఉన్నన్నాళ్లూ మమ్మల్ని ఇక్కడే ఉండనివ్వండి."

ఆయన తేలికపడి నవ్వాడు. "ఇంతేనా? దీనికి గిన్నె దింపాలా?"

తాగాను. కాఫీ బాగుంది.

ఆ తర్వాతైనా ఇంకొక్క వాక్యం అనవచ్చు. ఆమె సంగతి మామూలుగా ఎత్తవచ్చు. ఒక కోరిక తీరీ తీరకముందే ఇంకోటా అని మొహమాటపడ్డానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మొహమాటం కాదు. ఆమె వెళ్లిపోతే ఆ ఇల్లు అల్లకల్లోలమవుతుంది, దానికి కారణం నేనవుతాను. అప్పుడే ఇల్లిచ్చిన మనిషికి కష్టం తెచ్చిపెట్టదలచుకోలేదు. అంతే.

మర్నాడు ఆమె నాకంటే ముందే గోడ దగ్గరుంది.

"ఏవన్నారండీ?"

"అడిగానమ్మా. ఒప్పుకోలేదు."

ఒక మనిషి అనని మాటను అతని పేరున వేయకూడదని డెస్కులో ఎంతమందిని కసిరానో. అదే నోటితో చెప్పాను. తడబడలేదు కూడా.

"పోన్లెండి," అని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత మళ్లీ ఎవరినీ అడగలేదు. పెద్దావిడను కూడా. ఎందుకడుగుతుంది? ఆ ఇంటి పెద్దే కాదన్నాడని నేనే చెప్పాను కదా. అడగకపోవడం ఒక తప్పు. ఆమె ఇక అడగకుండా చేయడం అంతకంటే పెద్దది.

అలా ఏళ్లు గడిచాయి. పెద్దావిడ పోయాక అబూ నాసర్ తనంతట తానే సత్యవతికి ఎగ్జిట్ కొట్టించాడు. ఆ రోజు నా పక్కన కూర్చుని, "చిన్నపిల్ల తల్లట పాపం," అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు. ఇక్కడే బాగుందనుకున్నాను. ఒక్కరు చెప్పినా అప్పుడే పంపేసేవాణ్ణి."

నేనేమన్నానో తెలుసా? "అవును, పాపం," అన్నాను.

వెళ్లేముందు ఆమె గోడ దగ్గరికొచ్చింది. "ఉంటానండి అన్నయ్యగారూ. ఇన్నేళ్లలో నా కోసం అడిగిన మనిషి మీరొక్కరేనండి. ఆయన కాదంటే మీరేం చేత్తారు? మీరడిగారు, అది చాలు నాకు." కళ్లు తుడుచుకుంది. నేను క్షేమంగా వెళ్లి రమ్మన్నాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. మా ఆవిడ ఆరోగ్యం అడుగుతుంది. కూతురు పెద్దదైంది. తనను పెద్దమ్మా అంటుందట. "ఏదో ఒకటి పిలుత్తంది, అదే పదివేలండి," అని నవ్వుతుంది. ఆ నవ్వు వింటూ నేనూ నవ్వుతాను.

అబూ నాసర్ కూడా పోయాడు. ఇంటికి ఎక్కువ ఇచ్చేవాళ్లు వస్తున్నా కొడుకు మమ్మల్ని కదపలేదు. నాన్న ఇచ్చిన మాట అంటాడు.

ఫోన్ పెట్టేసేలోపు చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. చెబితే తన కోసం అడిగిన ఆ ఒక్క మనిషి కూడా ఆమెకు లేకుండా పోతాడని ఆగిపోతాను. ఇది జాలా? నా పేరు కాపాడుకోవడమా? తెలియదు. జాలి అని మాత్రం రాయలేను. క్షమించమని అడగడం లేదు, ఆ హక్కు లేదు. పోయిన మనిషి మీద వేసిన నింద తీసేయాలి, కనీసం ఇక్కడైనా. డెస్కులో నేర్చుకున్నట్టు సూటిగా రాస్తాను. ఇన్నాళ్లకు ఇలా రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

సత్యవతీ, ఆయన కాదనలేదు. నేను అడగలేదు.