గుహల పేజీలు లేని పుస్తకం

నేను పాఠాలు చెప్పే బడికి సెలవులివ్వగానే బర్మా వెళ్లి అక్కడి గుహలు చూడాలని నా కోరిక. దారి చెప్పే పుస్తకం ఆదోనిలో ఎక్కడా దొరకలేదు. చివరికి రంగూనులో పనిచేసి వచ్చిన గుమాస్తా వీరన్న దగ్గర ఒకటుంటే ఈ ఉదయం అడిగి తెచ్చుకున్నాను.

తెరిస్తే సరిగ్గా గుహల పేజీలే కత్తిరించి ఉన్నాయి! కావాలనే దాచుకున్నాడని అనుమానం వచ్చి, సాయంత్రం వెళ్లి నిలదీశాను. వీరన్న తెల్లబోయాడు. ఆయన భార్య లోపలినుంచి వచ్చింది.

"నేనే కత్తిరించి పొయ్యిలో ఏసినాను అయ్యవారూ. ఈయప్ప ఆ గుహలో రెండు దినాలు సిక్కుకోని, సచ్చి బతికినాడు. మళ్లా పోతాడని నా బయం."

ఆయన మళ్లీ పోడని, అనవసరంగా అనుమానించవద్దని ఆమెకు నచ్చజెప్పి బయల్దేరాను. వీరన్న వీధి మలుపుదాకా వెంటవచ్చి, మెల్లగా అడిగాడు.

"టికెట్టు ఒకటే తీస్తాండావా, అయ్యవారూ?"

రేపు చెబుతానని వచ్చేశాను. మీరైతే ఏం చెబుతారు?