చెవి వెనుక జుట్టు

ఖమ్మంలోని చెవి దవాఖానాలో ఆ రోజు మా పాప పరీక్ష జరగకపోవడానికి కారణాలు మూడు. ఒకటి జుట్టు. రెండు మొక్కు. మూడోది నేను. ఆ రోజు మాత్రం నాకు ఈ జాబితా ఇలా కనిపించలేదు. అందులో మొదటి పేరు మా అమ్మది, రెండోది నా భార్య అన్నయ్యది. నా పేరు ఎక్కడా లేదు.

పాపకు అప్పుడు రెండేళ్ల రెండు నెలలు. ఒక్క మాట రాలేదు. మాది జూలూరుపాడు దగ్గర తండా. ఇంట్లో తండా భాష, బయట తెలుగు. రెండు భాషల ఇంట్లో పిల్లలకు మాట ఆలస్యమవుతుందని చుట్టాలు చెప్పారు, అంగన్‌వాడీలో చెప్పారు, జ్వరం మందు కోసం వెళ్తే అక్కడా చెప్పారు. మా నాన్నకు మూడేళ్లకు గానీ మాట రాలేదని ఒక మేనత్త గుర్తు చేసింది. ఇంతమంది చెప్పేసరికి నాకూ సుఖంగానే ఉండేది.

ఆ పరీక్షకు పిల్ల గాఢంగా నిద్రపోవాలి. నుదుటి మీద ఒక తీగ, చెవుల వెనుక ఒక్కొక్కటి అతికించి, చెవిలో శబ్దం పెట్టి, అది మెదడుకు చేరుతుందో లేదో మిషన్‌లో చూస్తారు. మందు తాగిస్తే నిద్ర పట్టాలంటే పొద్దుటి నుంచి పడుకోనివ్వొద్దన్నారు. తెల్లారకముందే లేపాం. బస్సులో కన్ను మూసినప్పుడల్లా నా భార్య తడి కొంగుతో మొహం తుడిచింది. వైరా దాటేదాకా పాప ఏడుస్తూనే ఉంది. అంత హింస పెట్టి తీసుకెళ్లాక మందు తాగింది, పడుకుంది.

పరీక్ష చేసే అతను చెవి వెనుక జుట్టు పక్కకు జరపబోయాడు. జరగలేదు. నెలల తరబడి దువ్వెన తగలని జుట్టు ఆముదంతో ముద్దకట్టి చర్మానికి అంటుకుని ఉంది. దూదితో తుడిచాడు, జెల్ రాశాడు, టేపు వేశాడు. టేపు ఊడింది. మళ్లీ రుద్దాడు. తెర మీద, తీగ చర్మానికి సరిగా ఆనిందో లేదో చెప్పే రెసిస్టెన్స్ అంకె దిగడం లేదు. నేను కరెంటు సబ్‌స్టేషన్‌లో పని చేస్తాను. కాంటాక్ట్ సరిగా లేని చోట తీసిన రీడింగ్‌ను నేనూ నమ్మను. అందువల్ల అతని మీద కోప్పడే అవకాశం కూడా లేకపోయింది. మూడోసారి రుద్దేసరికి చర్మం ఎర్రబడింది, పాప లేచి కేకలు పెట్టింది.

"జుట్టు తీయించుకొని రండి సార్. కనీసం చెవుల వెనక," అన్నాడతను. ఇంకో తేదీ రాసిచ్చాడు. మూడు వారాల తర్వాత.

మూడు వారాలు. మెదడు మాట నేర్చుకునే వయసు గురించి నేను చదివినవన్నీ అప్పటికే ఫోన్‌లో దాచుకుని ఉన్నాను. ఒక్కో వారం ఎంత విలువైనదో నాకు బట్టీ వచ్చు. తిరుగు బస్సులో కూర్చుని, ఇంటికెళ్లాక మా అమ్మను అనాల్సిన మాటలను వరుసలో పెట్టుకున్నాను.

ఆ జుట్టు కథ చెప్పాలి. పుట్టు వెంట్రుకలు మాలో ఏడాదికి తీయాలి. పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. మేనమామ అంటే నా భార్య అన్న, పినపాక దగ్గర ఉంటాడు. మొదటి పుట్టినరోజుకు నేను పిలవాల్సిన వాళ్ల జాబితా తయారుచేసి, కార్డు డిజైన్ చేయించి, అందరికీ ఒకేసారి వాట్సాప్‌లో పంపాను. నూట పద్నాలుగు మందికి నాలుగు నిమిషాలు పట్టింది. ఎవరినీ మరిచిపోలేదని గర్వపడ్డాను కూడా. మేనమామను మాత్రం ఇంటికి వెళ్లి, బొట్టు పెట్టి, బట్టలిచ్చి పిలవాలి. అది నాకు తెలియక కాదు. డ్యూటీ కుదరలేదు, ఫోన్ కూడా చేస్తాం కదా అనుకున్నాను. ఆయన రాలేదు. భోజనాలయ్యాయి, కత్తెర పళ్లెంలోనే ఉండిపోయింది.

తర్వాత దీపావళి ముందు మా అమ్మ ఆ జుట్టును భవాని అమ్మవారికి మొక్కింది. దువ్వొద్దు, కత్తెర తగలొద్దు. దేనికి మొక్కిందో చెప్పలేదు. మొక్కు బయటికి చెప్తే ఫలించదట. మేనమామ రాని అవమానానికి దేవుడిని అడ్డం పెట్టుకుందని నేను అనుకున్నాను. రెండేళ్ల పిల్ల తల చెమటకు దురద పెట్టి గోక్కుంటుంటే నాకు మండిపోయేది. భవానికి ఈ జుట్టు దేనికి? ఆమెకు లేక అడుగుతోందా? ఇలాంటి మాటలు మనసులో అనుకునేవాణ్ణి. కొన్నిసార్లు పైకి కూడా అనేవాణ్ణి.

మేం వెళ్లేసరికి అమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాను. ఒకటి, పరీక్ష ఆగిపోయింది. రెండు, ఆగడానికి కారణం నీ మొక్కు. మూడు, పోయిన ప్రతి వారానికీ నువ్వే బాధ్యత. నాలుగోది ఇంకా కటువుగా ఉండేది. అది చెప్పేలోపు అమ్మ చేతిలో కాయ కింద పెట్టింది.

"దీపావళి ముంగట నీకు చెప్పిన," అంది. "వెనకకెంచి పిలిస్తే పిల్ల తిరుగుతలేదు, ఓసారి చూడు బిడ్డా అని. యాదికుందా?"

గుర్తుంది. నాకు గుర్తు లేకపోయి ఉంటే బాగుండేది.

పాప పుట్టినప్పుడే ఇంటర్నెట్ నుంచి ఒక పట్టిక తీసి గోడకు అతికించాను. ఏ నెలకు పిల్లలు ఏం చేయాలో ఉంటుంది. మెడ నిలిపింది, టిక్కు. బోర్లా పడింది, టిక్కు. శబ్దానికి తిరిగింది, అదీ టిక్కు. అమ్మ అనుమానం చెప్పిన రోజు నేను ఆ మాటను తీసిపారేయలేదు. తీసిపారేసి ఉంటే కనీసం నిర్లక్ష్యం అని పేరు పెట్టుకోవచ్చు. నేను పరీక్ష చేశాను. పాప చెక్క మంచం మీద కూర్చుని ఆడుకుంటోంది. వెనుక నిలబడి స్టీలు పళ్లేన్ని మంచం పట్టెకు కొట్టాను. పాప తిరిగింది. మూడుసార్లు కొడితే మూడుసార్లూ తిరిగింది. అమ్మను గోడ దగ్గరికి తీసుకెళ్లి టిక్కు చూపించాను. నీ భయాలతో పిల్లను రోగిని చేయొద్దన్నాను.

మంచం అదిరింది. పాపకు వినపడలేదు, అదురు తగిలింది. శబ్దం గాలిలోనూ వస్తుంది, చెక్కలోనూ వస్తుందని పదో తరగతి పుస్తకంలో ఉంది. రోజంతా ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమనే మోత మధ్య పని చేసే నాకు అది తట్టలేదు.

ఐదు నెలలకు తట్టింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఇల్లంతా నిశ్శబ్దం. పాప సిమెంటు గచ్చు మీద నాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. పేరు పెట్టి పిలిచాను. మళ్లీ పిలిచాను. వంటింట్లోంచి నా భార్య తొంగి చూసింది. పళ్లెం తెచ్చి గాలిలో పట్టుకుని గరిటెతో కొట్టాను. పక్కింటి కుక్క మొరిగింది. పాప మాత్రం తన చెప్పు పట్టీని పీకుతూనే ఉంది. ఆ తర్వాతే దవాఖానాకు తేదీ తీసుకున్నాం.

ఇదంతా వాకిట్లో నిలబడిన క్షణంలో ఒకేసారి గుర్తొచ్చింది. కానీ కోపం ఎదుటివాళ్ల వైపు మొదలయ్యాక అంత తేలికగా వెనక్కి తిరగదు. నాకు చెప్పినదానివి గుడికెందుకు పోయావు, మళ్లీ నాకే ఎందుకు చెప్పలేదు అని అరిచాను.

"ముందుగాల నిన్నే అడిగిన," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నువ్వు కాయితం చూపిచ్చినవ్. నాకు చదువు రాదాయె. కాయితంతోని నేనేం కొట్లాడాలె? ఇంక ఎవరిని అడగాలె? పోయి భవానిని అడిగిన. పిల్లకు మాట రానీ, జుట్టంత నీకిస్త అన్న."

దాచిన మొక్కు బయటికి చెప్పేసింది. చెప్పాక తలదించుకుని మళ్లీ కాయ తీసుకుంది, తొడిమ తీయకుండానే బుట్టలో వేసింది.

అయినా నా కోపం పోలేదు. నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది. తప్పు అమ్మది అయి ఉంటే అరిచి చల్లారేవాణ్ణి. నమ్మకం అంటే అమ్మలాంటి వాళ్లకు ఉండేదని, నాలాంటి వాళ్లకు లెక్కలుంటాయని అనుకుంటూ వచ్చాను. గోడ మీది కాగితానికి ఐదు నెలలు మొక్కింది నేను. మా అమ్మ కనీసం పిల్లను చూసి మొక్కింది.

తర్వాత బావకు, అంటే పాప మేనమామకు, ఫోన్ చేశాను. ముందు అక్కడే చేయాల్సింది, అదీ ఏడాది కింద. సంగతంతా చెప్పాను. రేపే వచ్చి కత్తెర పెట్టమన్నాను. ఆయన అంతా విన్నాడు.

"ఫోన్ల పిలుస్తున్నవా బావా మళ్లా?" అన్నాడు. "అట్లయితే నా దీవెన గూడ ఫోన్లనే పంపుత. డౌన్‌లోడ్ చేస్కో."

నా చేతిలోంచి నా భార్య ఫోన్ లాక్కుంది. అన్నతో తండా భాషలో ఏం మాట్లాడిందో రాయను. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఫోన్ మంచం మీద పడేసి లోపలికి వెళ్లి బట్టలు కత్తిరించే కత్తెర తెచ్చింది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"మేనమామ రాకపోతే మామ చెల్లెను నేనున్న," అంది. "పిల్ల నా ఒళ్లనే ఉన్నది. అత్తా, తల పట్టుకో. కదులుతది."

అమ్మ వాకిట్లోంచి లేచింది. ఆపుతుందని అనుకున్నాను. అమ్మ నేరుగా నల్లా దగ్గరికి వెళ్లింది. మిరపకాయల చేతులు పిల్ల కళ్లకు తగులుతాయని సబ్బుతో మూడుసార్లు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది, వచ్చి తల పట్టుకుంది. రెండు చెవుల వెనుక, నుదుటి మీద కొంచెం. కత్తెరకు జుట్టు సులువుగా తెగలేదు, చాపలా వచ్చింది. కింద పాప చర్మం తెల్లగా, పుండ్లతో ఉంది. పాప మాత్రం హాయిగా గోక్కుంది.

మొక్కు సంగతేంటని నేను అడిగాను. అడగకుండా ఉండాల్సింది. నాలో ఏదో ఇంకా గెలవాలని చూస్తోంది.

"అమ్మవారితోని నేను మాట్లాడుకుంట," అంది అమ్మ. "నువ్వు ఆ దవాఖానోళ్లతోని మాట్లాడు."

మాట్లాడాను. మరుసటి రోజు నుంచి పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి, ఎవరైనా రాకపోతే ఆ సమయం మాకివ్వమని ప్రాణం తీశాను. తొమ్మిదో రోజున పిలిచారు. ఈసారి అమ్మ కూడా వచ్చింది. టేపు అంటుకుంది. రెసిస్టెన్స్ దిగింది. పాప గంటసేపు పడుకుంది. తెర మీద గీతలు వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఎక్కడ అల రావాలో అక్కడ చాలాసేపు ఏమీ రాలేదు. శబ్దం బాగా పెంచాక చిన్న కదలిక వచ్చింది.

రెండు చెవులకూ చాలా తక్కువ వినికిడి. చెవి మిషన్లు పెడితే పనిచేసే అవకాశం ఉంది, మాట నేర్పించే శిక్షణ వెంటనే మొదలుపెట్టాలి అన్నారు డాక్టరమ్మ. ఎంత మాట వస్తుందో పెట్టి చూస్తేనే తెలుస్తుందన్నారు. ఆ తర్వాత, నేను అడగకపోయినా, కాస్త ముందు తెచ్చి ఉంటే బాగుండేదన్నారు.

వరండాలో అమ్మ బెంచీ అంచున కూర్చుని ఉంది. ఏమన్నారని అడిగింది. చేతిలో రిపోర్టు ఉంది. మడిచి జేబులో పెట్టుకున్నాను. పాపకు మన మాటలు వినపడటం లేదని, పెద్ద చప్పుళ్లు కొంచెం తెలుస్తాయని, మిషన్లు పెడతారని చెప్పాను. ముందే తెచ్చి ఉంటే బాగుండేదన్న మాట కూడా చెప్పాను. అది చెప్పి, తిట్టు కోసం నిలబడ్డాను. ఆ తిట్టు నాకు కావాలి.

"ఇప్పుడు ఏం జెయ్యాలె? అది చెప్పు," అంది.

మిషన్లు రావడానికి పది రోజులు పడుతుంది. ఈలోపు కూడా పిల్ల ఎదురుగా కూర్చుని, మొహం కనపడేట్టు, మెల్లగా మాట్లాడుతూ ఉండమన్నారు. మాట వచ్చేటప్పుడు నోరు ఎలా కదులుతుందో పిల్ల చూడాలట. అంతే చెప్పాను.

బస్సులో అమ్మ పాపను తన వైపు తిప్పి ఒళ్లో కూర్చోబెట్టుకుని మొదలుపెట్టింది. బర్రె అంది. చెరువు అంది. లారీ అంది. ప్రతి మాటా నోరంతా తెరిచి, బస్సంతా వినపడేలా. పాప నిద్రమత్తులో ఆ నోటినే చూస్తోంది. వెనుక సీటులోంచి ఒకావిడ వంగి, పిల్లకు వినపడుతుందా అమ్మా అని అడిగింది. ఇప్పుడు వినపడదు అంది అమ్మ, ఏ దాపరికం లేకుండా. మరెందుకంత గట్టిగా అని ఆవిడ నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీద, అమ్మ మీద, భవాని మీద, నా మీద. పది రోజుల దాకా ఈ మాటల్లో ఒక్కటీ ఆ చెవికి చేరదు. కొలిచి తెచ్చిన గీతలు నా జేబులోనే ఉన్నాయి. అమ్మ పాప గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుని, కిటికీలోంచి ఊరి బోర్డు చూపించి ఆగిపోయింది. అమ్మకు చదవడం రాదు.

నేను వాళ్ల ముందు సీటులోకి మారాను. తర్వాత వచ్చే ఊరి పేరు, బోర్డు కనిపించకముందే, అమ్మకు చెప్పడం మొదలుపెట్టాను.