చెక్క తిరిగిరాని మిల్లు

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే బైబిలు ముందర పెట్టి అక్షరాలు నేర్పాడు, ప్రార్థనా నేర్పాడు. "మొత్తంగా వందనాలు చెప్పి లేస్తే కాదు పాపా, ఒక్కోదానికి పేరు పెట్టి చెప్పాల" అనేవాడు. మైలవరం దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాక కూడా అన్నం ముందు కూర్చుంటే వానకు, కంది చేనుకు, ఎర్రెద్దుకు, తెల్లెద్దుకు వేరువేరుగా చెప్పుకునేదాన్ని. ఆకలిమీద మా ఆయన గొణిగేవాడు: "మిల్లోనికి గూడా చెప్తావా ఏంది?"

చెప్పేదాన్ని. అప్పుడు జమ్మలమడుగులో మూడు నూనె మిల్లులుండేవి. వేరుశనగ ఆడించాక నూనెను మిల్లువాళ్లు కొనుక్కున్నా, పిండగా మిగిలిన చెక్క మాత్రం రైతుదే. కాయలు పోసుకుపోయిన బండిలోనే చెక్క ఇంటికొచ్చేది. నానబెట్టి ఎద్దులకు పెట్టేవాళ్లం. వాటి పేడ దిబ్బకు, దిబ్బ ఎరువు చేనుకు. వాన తప్పిన ఏడు కూడా మా మన్ను పిడికిట్లో మెత్తగా ఉండేదంటే ఆ తిరుగుడు వల్లే.

దాన్ని తెంపినవాణ్ని క్షమించమని దేవుడంటాడు. నాకింకా చేతకాలేదు.

ఫ్యాక్షన్ రోజులవి. ఒక మిల్లు గేటు మీద బాంబులు పడితే యజమాని బెంగళూరు వెళ్లిపోయాడు. రెండో ఆయన ఓడిన పార్టీ మనిషి, అమ్ముకున్నాడు. ఆ రెండింటినీ చూసి మూడో ఆయన అడక్కముందే తాళాలిచ్చాడు. అన్నీ ఒక నాయకుడి చేతికే పోయాయి. వాటిని మూసేసి ప్రొద్దుటూరులో ఒకే పెద్ద మిల్లు పెట్టాడు.

ఆ ఏడు కాయలు అక్కడికే తోలుకుపోయాం. తూకం అయ్యాక మా ఆయన గుమాస్తాను అడిగాడు.

"చెక్క యాడప్పా?"

"చెక్కేంది మామా? అది దాణా కంపెనీ లారీలో పోతాంది. కాయలు తూకమేస్తాం, దుడ్లిస్తాం, అంతే."

"మా ఎద్దులేం తినాల?"

"నూనె ప్యాకెట్టు పట్టకపో మామా. తాపితే నున్నగయితాయి."

వరుసలో ఉన్న రైతులు నవ్వారు. వాళ్ల ఇళ్లలోనూ ఎద్దులున్నాయి. అయినా నవ్వారు. కోపమొచ్చి బండి తిప్పుకుని పోదామంటే ఇంకో మిల్లు లేదు.

కోత పండుగకు మా గుడిలో ఇంటింటివాళ్లూ తొలి పంట తెచ్చి పెడతారు, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. జొన్న కంకులు, కందులు, వేరుశనగ, వాటి పక్కనే ఒక చెక్క అచ్చు. ఎద్దులున్నవాళ్లు దానికోసం పోటీపడేవాళ్లు. ఈసారి ఆ చోట కంపెనీ బొమ్మ వేసిన దాణా మూట ఉంది. తెచ్చింది ఆ నాయకుడే. గుడికి కొత్త రేకులు వేయిస్తానన్నాడని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. జీపులో వచ్చిన మనుషులు వాకిట్లో నిలబడ్డారు.

పాస్టరు అయ్యగారు నన్ను పిలిచారు. "కృతజ్ఞత ప్రార్థన నువ్వే చెయ్యమ్మా. అన్నను మర్చిపోవద్దు."

లేచి నిలబడ్డాను. వానకు చెప్పాను. కందికి, జొన్నకు, ఎర్రెద్దుకు, తెల్లెద్దుకు చెప్పాను. మూతపడిన మూడు మిల్లులకూ చెప్పాను. ఆమెన్ అన్నాను.

నాయకుడు పాస్టరు వైపు తిరిగి నవ్వాడు. "ఈమెకు మతిమరుపున్నట్టుందే అయ్యగారూ."

"మతిమరుపు లేదన్నా. చెక్క మా ఇంటికొచ్చిన రోజు మీ పేరు చెప్తా."

మేం వేలానికి ఆగలేదు. మా ఆయన నా వైపు చూడకుండా బండి కట్టాడు. సగం దారిలో ఎద్దులను అదిలిస్తూ అన్నాడు. "నన్ను సంపిచ్చేదానివే ఈపొద్దు." ఇంకొంచెం దూరం పోయాక, "అయినా సరిగానే అంటివి" అన్నాడు.

నాయకుడు మమ్మల్నేమీ చేయలేదు. చేయాల్సిన పనేముంది? దాణా మూట కొనే శక్తి మాకు లేదు, ఎండాకాలం వచ్చేసరికి ఉత్త జొన్నసొప్ప తిని ఎద్దుల డొక్కలు తేలాయి. నాగలి లాగలేక తెల్లెద్దు చాల్లోనే మోకాళ్ల మీద కూలబడింది. లింగాలలో ఒక రైతుకు పచ్చిమేత ఉందంటే జత ఆయనకిచ్చేశాం. పోతూ ఎర్రెద్దు చెక్క నానబెట్టే తొట్టి దగ్గర ఆగి మూతి పెట్టి చూసింది. అది ఎండిపోయి ఉంది.

ఇప్పుడు ట్రాక్టరు దున్నుతుంది. చేలో ఇటుకల్లాంటి పెళ్లలు లేస్తాయి. బస్తాల ఎరువు చల్లితే తప్ప మొలక లేవదు, వాన తప్పితే అదీ మాడుతుంది. ఆ బస్తాల కొట్టూ ఆ నాయకుడిదే.

అన్నం ముందు కూర్చుని ఈనాటికీ పేరుపేరునా చెప్పుకుంటాను. ఎద్దుల దగ్గరికొచ్చేసరికి వందనం రాదు, కోపమొస్తుంది. దాన్నేం చేయాలో మా నాయన నేర్పలేదు. అది కూడా దేవుడి ముందే పెట్టి, చెయ్యి కడుక్కుని అన్నం కలుపుతాను.