మూడు లైన్ల చలి

దొరస్వామికి ఎప్పుడూ చలే. ఎంత చలి అంటే, వేలూరు దగ్గర గుడియాత్తంలో మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదలని ఎండలో కూడా ఆయన ఊదారంగు మంకీ క్యాప్ గడ్డం దాకా లాక్కుని, దాని మీద మఫ్లర్ చుట్టుకుని, జయరామన్ టీకొట్టు బెంచీ మీద కూర్చునేవాడు. ముక్కు కొన నుంచి చెమట టీ గ్లాసులోకి కారుతుండేది. ఆయన గ్లాసు ఎంత తాగినా తరగదని జయరామన్ వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు.

"దొరస్వామన్నా, నిన్ను చూస్తా ఉంటే నాకు ఉడకపోస్తా ఉండాది. ఆ టోపీ తీసెయ్యకూడదా?"

"ఒక చలికాలమంతా మంచులో ఉండొచ్చిన ఒళ్లప్పా ఇది. లోపలికి పోయిన చలి అంత సులువుగా బయటికి రాదు."

ముప్పై ఏళ్లు అగ్గిపెట్టెల కంపెనీ తరఫున ఊళ్లు తిరిగిన మనిషి. నెలల తరబడి ఇంటి ముఖం చూడని ఉద్యోగం. కంపెనీవాళ్లు ఆయన్ని ఒక ఏడు హిమాలయాల మీదికి కూడా తోలి ఉంటారని అందరూ నమ్మేశారు. ఆ చలి కథ ఎప్పుడు మొదలైందో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఏ మాట ఎత్తినా ఆయన దాన్ని చలి దగ్గరికి లాక్కుపోయేవాడు. పాలు పలచగా ఉన్నాయని ఎవరన్నా గొణిగితే, "అక్కడ పాలు తువ్వాల్లో మూటగట్టి తెచ్చుకుంటాం" అనేవాడు. ఆ రోజుల్లోనే అరవదేశాన్ని ఏలే పార్టీ రెండుగా చీలి, వీధి మొదట్లో ఒక జెండా కర్ర ఉన్నచోట రెండు లేచాయి, రెండు మైకులు మోగాయి. ఉత్తరాదివాళ్లు సుఖపడుతున్నారు, మనం అరిగిపోతున్నాం అనే మాట మాత్రం రెండు మైకుల్లోనూ ఒకటే. ఒక సాయంత్రం దొరస్వామి నేరుగా వేదిక దగ్గరికి పోయి చెయ్యెత్తాడు.

"అయ్యా, ఒక సందేహం. అక్కడ పొద్దున్నే మొగం కడుక్కోవాలంటే బకెట్లో నీళ్లు గడ్డపారతో పగలగొట్టాల. ఏడు పొరలు తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకున్నాక ఒంటేలుకు పోవాలనిపిస్తాది. మళ్లా ఏడు పొరలూ విప్పాల. ఇది సుఖమా?"

"పెద్దాయనకు ఒక టీ ఇప్పించండప్పా" అని వక్త మైకులోనే చెప్పాడు. జనం పడీపడీ నవ్వారు. ఆ తర్వాత రెండు పార్టీలవాళ్లూ మీటింగు ముందు దొరస్వామి ఊళ్లో ఉన్నాడా అని కనుక్కునేవాళ్లు.

అంత పెద్ద వీధిలో ఆయన చలిని కూర్చుని వినే మనిషి ఒక్కతే, తంగమ్మ. దొరస్వామి అద్దెకున్న వెనక గది ఆమె ఇంటిదే. తంగమ్మ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చట్రాల్లో పుల్లలు పేర్చేది. మొగుడు ఏళుమలై పట్టాళంలో సిపాయి, లడాఖ్ మంచు కొండల మీద ఉన్నాడు. పిల్లల్లేరు. సాయంత్రం తాళం తీసి లోపలికొస్తే, పొద్దున తను పెట్టిన చోటే చెంబు ఉండేది, వాల్చిన చోటే పీట ఉండేది. ఎవరూ కదిపి ఉండరు. ఆ చెంబును చూస్తే ఆమెకు ఏడుపొచ్చేది. అందుకని లోపలికి రాగానే ముందు దాన్ని చేత్తో పక్కకు జరిపేది.

ఏళుమలై పోయిన అయిదు నెలలకు, అరవ లెక్కన ఐప్పసి నెలలో, చలి మొదలయ్యేటప్పుడు, మొదటి జాబు వచ్చింది. వచ్చింది గానీ చదివేదెవరు? ఏళుమలైకి రాయడం రాదు. పక్క గుడారంలో ఉన్న మదనపల్లె హవల్దారుతో రాయించాడు, ఆయన తెలుగులో రాశాడు. ఆ వీధిలో సగం ఇళ్లలో మాట్లాడేది తెలుగే, కానీ తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. బడికి పోయినవాళ్లంతా అరవం చదువుకున్నవాళ్లే. చిత్తూరు, రేణిగుంట వైపు అంగళ్ల బోర్డులు చూసి చూసి దొరస్వామి ఒక్కడే నేర్చుకున్నాడు.

తంగమ్మ జాబు తీసుకుని వెనక గదికి పరిగెత్తింది. ఆయన విప్పి చదివాడు.

"నేను క్షేమం. నువ్వు క్షేమమా? ఇక్కడ చలిగా ఉండాది."

"ఊఁ?"

దొరస్వామి తలెత్తి ఆమె ముఖం చూశాడు.

"అంతేనా పెద్దాయనా?" అంది తంగమ్మ. ఆ గొంతులో అయిదు నెలలున్నాయి.

"అంతేనా అంటే ఎట్లమ్మా? ఇంకా బోలెడుండాది. కళ్లద్దాలు తుడుచుకోనీ" అని ఆయన కళ్లద్దాలు చాలాసేపు తుడిచి, గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాడు. అది అరగంట సాగింది.

కొబ్బరి నూనె సీసాలో రాయైపోతే ఏళుమలై మేకుతో తవ్వి తలకు రాసుకుంటున్నాడట. గుడ్డును సుత్తితో కొడితే సుత్తి పిడి ఊడిందట. ఉతికి తీగ మీద ఆరేసిన బనియన్ చెక్కలా బిగుసుకుపోతే గోడకు ఆనించి పెట్టాడట, సెంట్రీ దాన్ని చూసి "ఎవరక్కడ!" అని తుపాకీ ఎత్తాడట, బనియన్ బదులు చెప్పలేదని పై ఆఫీసరుకు రిపోర్టు పోయిందట. తంగమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. చివర్న దొరస్వామి గోడవైపు తిరిగి, నెమ్మదిగా చదివాడు: "అన్నం ముందర కూర్చుంటే, నువ్వు తిన్నావో లేదో అనిపిస్తా ఉండాది."

ఆ రోజు తంగమ్మ కడుపునిండా తిన్నది.

అప్పట్నుంచి రెండు నెలలకో జాబు, జాబుకో అరగంట. పక్కింటి ఆరోకియమేరి, ఆమె కూడా ఫ్యాక్టరీలోనే పని, ఒకసారి జాబు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏందే, మూడు లైన్లుండాది. దానికి అరగంటా?"

"తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కదక్కా" అంది తంగమ్మ. "అరవ అక్షరం మన అగ్గిపుల్ల మాదిరి. పుల్ల మీద ఏం నిలుస్తాది? గుండ్రంగా ఉంటే కుండ మాదిరి, ఎంతైనా పడతాది."

ఆరోకియమేరి ఆలోచించి, నిజమేనని ఒప్పుకుంది. మర్నాటికి ఫ్యాక్టరీలో అందరికీ తెలుగు గొప్పతనం తెలిసిపోయింది.

దొరస్వామికి ఇంకొక అలవాటుండేది. గురువారం గురువారం బస్సెక్కి కాట్పాడికి పోయేవాడు. రిటైరైన మనిషికి అక్కడేం పనని జయరామన్ అడిగితే, "కంపెనీ పని" అని మఫ్లర్ బిగించుకునేవాడు.

ఏళుమలై సెలవు రెండుసార్లు రద్దయింది. రెండో చలికాలంలో జాబులు కూడా ఆగిపోయాయి. మార్గళి నెల పోయింది, తై నెల పోయింది. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే తంగమ్మ చేతిలో పుల్లలు వంకరగా పడేవి. మేస్త్రీ తిట్టేవాడు.

"దోవ మూసేసినారమ్మా" అనేవాడు దొరస్వామి. "మంచు వేలూరు కోట గోడంత ఎత్తు పడుంటాది. జాబు ఎట్ల వస్తాది?"

ఆ తర్వాతి నెల మాసిలో అణైకట్ నుంచి తంగమ్మ అన్న రామసామి వచ్చాడు. నులకమంచం మీద కూర్చుని ఇల్లంతా ఒకసారి కలయజూశాడు.

"మూణ్ణెల్లుగా జాబు లేదు. ఆ మనిషి ఉండాడో లేడో, ఉంటే నిన్ను తలుచుకుంటా ఉండాడో లేదో. ఇల్లు ఖాళీ చేసి నాతో రా తంగమ్మా. మా ఇంట్లో గొడ్లను చూసుకునేదానికి మనిషి లేక చస్తా ఉండాం."

తంగమ్మ గడప పట్టుకుని నిలబడింది. పోతే మళ్లీ రావడం ఉండదు. ఏళుమలై వచ్చినా ఈ గడపకు రాడు, అణైకట్‌లో గొడ్ల చావడికి రావాలి. వెనక గది తలుపు చప్పుడైంది. మంకీ క్యాప్ లోపలికి వచ్చింది.

"జాబు లేదని ఎవరు చెప్పినారు? కిందటి జాబులో చదవాల్సింది ఇంకా మిగిలే ఉండాది" అన్నాడు దొరస్వామి.

"మూణ్ణెల్ల కిందటి జాబును ఇప్పుడు చదివేదేంది?" అన్నాడు రామసామి.

"నాయనా, నువ్వు మూటెడు బియ్యం తెస్తే ఒక్క పూటకే వండేస్తావా?"

తంగమ్మ పెట్టెలోంచి జాబు తెచ్చింది. దొరస్వామి దాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చదివాడు: "మాసి పోతే దోవ తెరుస్తారు. పంగునిలో వస్తా ఉండా. ఇల్లు మాత్రం ఇడిసిపెట్టొద్దు. నేనొచ్చి తాళం చూస్తే యాడికి పోయేది?"

చదివి మఫ్లర్ బిగించుకున్నాడు. చలికనుకున్నారు.

"సరి" అని రామసామి లేచాడు. "పంగుని దాటేలోగా మనిషి రాకపోతే ఎద్దులబండి తెస్తా."

పంగుని మొదలైంది. దొరస్వామి ఇప్పుడు రోజు విడిచి రోజు కాట్పాడికి పోతున్నాడు. టీకొట్లో చలి మాటే ఎత్తడం లేదు. పాలు పలచగా ఉన్నాయని ఎవరో అంటే ఊరుకున్నాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదని జయరామన్ తేల్చేశాడు. పంగుని ఇంకా ఆరు రోజులుందనగా, తంగమ్మ గిన్నెలు రెండు మూటలుగా కట్టి పెట్టింది.

ఆ మధ్యాహ్నమే ఏళుమలై గడపలోకి వచ్చాడు. నల్లగా, ఎండుకట్టెలా, భుజాన ట్రంకు పెట్టెతో. తంగమ్మ పరిగెత్తి ట్రంకు పెట్టెకు చెయ్యి వేసింది. అతని వెనక ఇరవై అడుగుల దూరంలో బోడి తల ముసలాయన ఒకడు నడిచొస్తున్నాడు. ఎవరో అనుకుంది. వెనక గదిలోకి దూరి తలుపేసుకున్నాక గానీ అది దొరస్వామి అని పోల్చుకోలేదు. నెత్తిన టోపీ లేదు.

మర్నాడు పొద్దున ఏళుమలై ముందు ఇడ్లీ పెడుతూ, "ఏమయ్యా, ఆ బనియన్ సంగతి నీ నోటితో చెప్పు. జాబులో రాసినావే" అంది తంగమ్మ.

ఏళుమలై నమలడం ఆపాడు. "ఆమా, బనియన్. దాన్ని సుత్తితో కొట్టినాం. పగల్లేదు."

"సుత్తితో కొట్టింది గుడ్డు కదా!"

"ఆమామా, గుడ్డే. గుడ్డును తీగ మీద ఆరేసినాం. అప్పుడు సెంట్రీ వచ్చి…"

"గుడ్డును ఆరేసినారా?"

ఏళుమలై ఇడ్లీ పక్కన పెట్టేశాడు. "నా వల్ల కాదు తంగమ్మా. బస్సులో గంటసేపు నేర్పించినాడు, అంతా కలిసిపోయింది."

మెల్లగా సంగతంతా బయటికొచ్చింది. కాట్పాడిలో రైలు దిగితే, టోపీ పెట్టుకున్న ముసలాయన ఒకడు పట్టాళంవాళ్లందరికీ టీ ఇప్పిస్తున్నాడు. నూనె గడ్డకడతాదా, గుడ్లు ఏమైతాయి అని అడిగి నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. దోవ తెరిచినారా నాయనా, గుడియాత్తం ఏళుమలై అనేవాడు ఎవరికన్నా తెలుసా అని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"ఆ ఏళుమలైని నేనేనని చెప్పినా. ఆయన టోపీ తీసి మొగం తుడుచుకున్నాడు. టోపీ స్టేషన్ బెంచీ మీదే మరిచిపోతే నేను ఎత్తుకొచ్చినా. బస్సెక్కినాక, నాయనా నువ్వు జాబుల్లో ఏమేం రాసినావో చెప్తా విను అని మొదలుపెట్టినాడు. నేను రాయించింది చలిగా ఉండాదని ఒక్క మాటే. ఆయన మంచు మొగం కూడా చూడలేదంట. ఉత్తరాన గూడూరు దాటలేదంట."

తంగమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. గది అద్దెకు అడగడానికి వచ్చిన రోజు దొరస్వామి నెత్తిన టోపీ లేదు. మొదటి జాబు వచ్చిన వారానికి టోపీ వచ్చింది. ఒక ఎండాకాలమంతా, నెత్తినిండా చెమటకాయలు, వీధంతా ఎగతాళి. నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఒక్క మాటేనా? ఇంకేం చెప్పాలనిపించలేదా నీకు?"

ఏళుమలై నేల చూశాడు. "ఆ హవల్దారు ముందర ఎట్ల చెప్పేది? అన్నం ముందర కూర్చుంటే నువ్వు తిన్నావో లేదో అనుకునేవాణ్ణి. అదే పెద్దాయన బస్సులో చెప్తా ఉంటే, ఈయనకు ఎట్ల తెలిసిందా అనిపించింది."

తంగమ్మ నాలుగు ఇడ్లీలు తట్టలో పెట్టుకుని, టోపీ చేత పట్టుకుని వెనక తలుపు తట్టింది. దొరస్వామి బోడి తలతో, శిక్ష వినడానికొచ్చినవాడిలా నిలబడ్డాడు.

"టోపీ లేకుండా ఉండావే పెద్దాయనా. చలి పెట్టలేదా?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ కోపం దొరకలేదు.

"పెడతా ఉండాదమ్మా" అని టోపీ అందుకుని తగిలించుకున్నాడు.

ఆ సాయంత్రం టీకొట్లో జయరామన్ ఏళుమలైని నిలేశాడు. "మిలిటరీ, నువ్వే చెప్పప్పా. ఈయన చెప్పేదంతా నిజమేనా?"

"ఆయనకు తెలిసినంత చలి నాకు తెలీదు" అన్నాడు ఏళుమలై. దొరస్వామి గ్లాసులోకి చెమట బొట్లు గబగబా రాలాయి.

సెలవు అయిపోయి ఏళుమలై వెళ్లిపోయాడు. చెంబు మళ్లీ పెట్టిన చోటే ఉండసాగింది. రెండు నెలలకు జాబు వచ్చింది. ఆరోకియమేరి విప్పి చూసి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఈసారి నాలుగు లైన్లు! ఇంక పొద్దుగూకేదాకా కదల్లేం."

దొరస్వామి కళ్లద్దాలు తుడుచుకుని జాబు అందుకున్నాడు. మొట్టమొదటిసారి అందులో ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"నేను క్షేమం. నువ్వు క్షేమమా? ఇక్కడ చలిగా ఉండాది. మిగతాది పెద్దాయన చెప్తాడు."

ఆ నాలుగో లైన్ ఆయన పెదాలు మళ్లీ ఒకసారి చదువుకున్నాయి. తంగమ్మ పీట జరుపుకుని ఎదురుగా కూర్చుంది. ఆయన టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

"యాడ దాకా వచ్చినామమ్మా?"

"గుడ్డును తీగ మీద ఆరేసిన కాడికి, పెద్దాయనా."

దొరస్వామి ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఆమా, ఆ గుడ్డు ఆరేదానికి మూడు రోజులు పట్టింది చూడు…"