ఉప్పునీళ్ల చెరువుకు మంచినీళ్లు

వాల్వు మామ అసలు పేరు ఆయనకే సంతకం పెట్టేటప్పుడు గాని గుర్తుకురాదు. నాచు నుంచి బండ్లు నడిపే నూనె తీసే కంపెనీలో, వాల్వులు తిప్పి చెరువులకు నీళ్లు పెట్టడం ఆయన పని. చెరువులంటే లోతైనవి కావు. మోకాలి లోతు, చూపు ఆనినంత వెడల్పు. నిండా ఆకుపచ్చటి నాచు, దాన్ని కదుపుతూ రోజంతా తిరిగే చక్రాలు.

ఆ నేలలో సగం వాళ్ల అక్కది. చవుడు నేల, గడ్డి కూడా మొలవదు. కంపెనీకి ఇచ్చెయ్యమని చెవినిల్లు కట్టుకుని పోరింది ఈయనే.

"ఉప్పునీళ్లతో పెంచుతారక్కా. నీ బావిలో చుక్క ముట్టుకోరు. పూచీ నాది," అన్నాడు.

అక్క నమ్మింది. ఈయనకు ఉద్యోగం వచ్చింది.

అబద్ధమాడాలని ఆడలేదు, పాపం. ఉప్పునీళ్లు గొట్టంలో వచ్చిన మాట నిజమే. కానీ అంత పలచగా పరిచిన నీళ్లను ఎండ ఊరికే వదులుతుందా? నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికీ పోదు. ఉప్పు ముదిరితే నాచు చస్తుంది. అందుకే తగ్గిన మేరకు రోజూ మంచినీళ్లే పోయాలి, గట్టు మీది తెల్లగీత దాకా. ఆ మంచినీళ్లిచ్చే బోరు అక్క కూరగాయల తోట కంచెకు అవతలే ఉంది. పనిలో చేరిన కొత్తలోనే ఆయనకు సంగతి అర్థమైంది. అర్థమయ్యాక నోరు కుట్టేసుకున్నాడు. మనిషి మంచివాడే, కాకపోతే మంచివాడికి ఉద్యోగం కూడా కావాలి.

అక్క బావి ఎండుతూ వచ్చింది. మధ్యాహ్నం భోజనం ఆమె ఇంట్లోనే. తలలు వాల్చేసిన టమాటా మొక్కల పక్కనుంచి నడిచి వెళ్లి, ఆమె వడ్డించింది తిని, కంచంలోంచి తల ఎత్తకుండానే లేచి వచ్చేవాడు. తిన్నది ఒంటికి పట్టేది కాదు.

ఆమె మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. పూడిక చేరిందేమో అనుకుని, సెలవు రోజు పొద్దున్నే తమ్ముణ్ణి పిలిచింది. ఈయన నడుముకు తాడు కట్టుకుని బావిలోకి దిగాడు. రెండో కొస గిలక మీదుగా అక్క చేతిలో ఉంది.

అడుగున పూడికేమీ లేదు. పైగా రాళ్ల సందులోంచి చిటికెన వేలంత ధార దిగుతోంది. అమ్మయ్య, నా పాపం కాదు అనుకున్నాడు.

అంతలో కంచె అవతల మోటారు మొదలైంది. ఇవాళ ఈయన బదులు ఇంకొకరు మీట నొక్కారు. చూస్తుండగానే ధార దారమైంది, దారం చుక్కలైంది, ఆ చుక్కలూ ఆగిపోయాయి. పాదాల చుట్టూ ఉన్న కాసిని నీళ్లూ బురదలోకి ఇంకిపోయాయి. తన చేయి రోజూ చేసే పనిని కళ్లారా చూడటం ఆయనకు అదే మొదటిసారి.

"ఊట ఏమైనా తగిలిందా తమ్ముడూ?" అక్క పైనుంచి అడిగింది.

పూడిక అంటే సరిపోయేది. ఆమె నమ్మేది కూడా.

"ఊట బాగానే ఉందక్కా," అన్నాడు. "రోజూ మోటారు పెట్టి లాగేస్తున్నది నేనే. మొదటినుంచీ తెలుసు నాకు."

తాడు వదులైంది. కాసేపటికి మళ్లీ బిగిసింది.

"ముందు పైకి రా," అంది అక్క. "నిన్ను తిట్టాలంటే నీ మొహం కనపడాలి. అన్నం దగ్గర ఇన్నాళ్లూ దాన్ని ఎందుకు దాచుకున్నావో ఇప్పుడు తెలిసింది."