గుండ్రంగానే ఉన్నాయన్నాను

ఎవరికీ చెప్పని ఒక మాటను ఏళ్లుగా మోస్తున్నాను. మీరు నన్ను ఎరుగరు. అందుకే చెప్పగలుగుతున్నాను.

గచ్చిబౌలిలో ఒక ల్యాబ్‌లో పరిశోధన చేసే రోజులవి. ఒంట్లో చేరి జబ్బు చేసే ఒక శిలీంధ్రం మీద మా పని. దాని కణాలు మామూలుగా గుండ్రంగా ఉంటాయి. రక్తపు వెచ్చదనం తగిలితే ఒక్కో కణం తన ఒంటి మీద ఒక్క చోటు ఎంచుకుని, గోడ కట్టే సరుకంతా అక్కడికే చేరవేసి, అటువైపే పొడుగ్గా తీగ సాగుతుంది. ఆ తీగే కండలోకి చొచ్చుకుపోతుంది. ఒక జన్యువు తీసేస్తే కణం ఆ దిక్కు ఎంచుకోలేదని, గుండ్రంగానే ఉండిపోతుందని నేను చూపించాను. మా గైడు మురిసిపోయారు.

స్రవంతి తెల్లాపూర్ అమ్మాయి, నా తర్వాత చేరింది. జన్యువు తీసేసిన అవే కణాలు తన దగ్గర తీగలు సాగుతున్నాయంది.

“అన్నా, నువ్వు మస్తు చిక్కగ ఏస్తున్నవ్. గుంపుల పడితె మామూలు కణాలు గూడ సాగవు. జర పల్చగ ఏసి చూడు.”

“నాకు నేర్పుతున్నావా?”

“నేర్పుడేంది? పెద్దింటి చెయ్యి గదా, పల్చగ పడదేమో అనుకున్న.”

నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మాది ఒకప్పుడు ఊరికి అన్నం పెట్టిన ఇల్లు. నాన్నగారి హయాంలో అంతా పోయింది. తల వంచకూడదన్న పట్టుదల మాత్రం నాకు మిగిలింది.

మర్నాడు ఆమె లేనప్పుడు జన్యువు తీసిన కణాలను పల్చగా వేశాను. మామూలు కణాలనూ పక్కనే పెట్టాను. మొదటే అలా చేయాల్సింది. పాత ఫోటోలు చాలని మానేశాను. మధ్యాహ్నానికి సూక్ష్మదర్శినిలో చూస్తే, రెండింటిలోనూ తీగలే.

ఆ సాయంత్రం మీటింగులో గైడు అడిగారు. నావి గుండ్రంగానే ఉన్నాయన్నాను. “ఆమె కణాల్లో వేరేవి కలిసిపోయాయండి. శుభ్రత తక్కువ.”

కలిసిపోయాయంటే సరిపోయేది కదా, ఆ రెండో మాట ఎందుకన్నాను? మా ఇంట్లో ఆ మాట ఎవరి గురించి అనేవారో నాకు తెలుసు. ఎదురుగా కూర్చున్న ఆమెకూ అర్థమైంది. నావైపు చూసింది. మధ్యాహ్నం నేను చూసిన గాజు పలకలు అప్పటికింకా నా బల్ల మీదే ఉన్నాయి. లేచి నాలుగడుగులు వేసి తెచ్చి చూపిస్తే అయిపోయేది. లేవలేదు.

ఆ పని నుంచి ఆమెను తప్పించారు. కొన్నాళ్లకు పరిశోధనే మానేసి వెళ్లిపోయింది. నా పేపరు అచ్చయింది. దాన్ని చూపించే ఇప్పుడున్న ఉద్యోగం సంపాదించాను.

క్షమించమని అడగను. అడిగితే అందులోనూ నా సుఖమే చూసుకున్నట్టవుతుంది. గైడుగారికి కూడా ఇదంతా రాయాలి. రాస్తానా? నా మీద నాకు అంత నమ్మకం లేదు. కానీ ఇంతవరకూ ఒక్కసారైనా, ఎక్కడా రాయని వాక్యం ఒకటుంది. స్రవంతి చెప్పింది నిజం, అది నిజమని తెలిసే నేను అబద్ధమాడాను. రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.